సీలు వేసిన బ్లూబెర్రీ ట్రే

"నేరగాడు ఎంతటివాడైనా సరే, నా కంటి నుంచి తప్పించుకోలేడు. నాది మామూలు కన్ను కాదు."

కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు బిగించే మనిషి ఆ మాట అంటే నమ్మబుద్ధి అవుతుంది. కానీ రోజూ పొద్దున్నే అతని కళ్ళజోడు వెతికి చేతికిచ్చేది కుట్టుమిషన్ ముందు కూర్చున్న అతని భార్యే. వీధిలో అందరూ అతన్ని డిటెక్టివ్ గారూ అని పిలుస్తారు. కొందరు గౌరవంగానే పిలుస్తారు.

ఈసారి కేసు ఇంట్లోనే పుట్టింది. నెల కిందట ఆమె షాపులో చిన్న డబ్బాడు బ్లూబెర్రీలు కొని, సగం తిని, మిగతా సగం నీళ్ళలో పిసికింది. అడుగున తేరిన నలుసుల్లాంటి గింజల్ని ఒక ట్రేలో మట్టి పోసి చల్లింది. మేడమీద ఎండ పడే మూల ఒకటుంది. ఇంటి ఓనరు అక్కడ విరిగిన మంచాలు పడేద్దామనుకుంటున్నాడు.

"ఆరు నెలల్లో నాలుగు మొక్కలు చూపించమ్మా, మూల నీది. లేదంటే మంచాలది" అన్నాడు.

పెళ్ళయ్యాక ఆమె నోరు తెరిచి తన కోసం అడిగింది ఆ మూలొక్కటే. గింజలు మాత్రం ఉలకలేదు, పలకలేదు.

"మొలవకపోవడం కాదిది. మొలవనివ్వకపోవడం" అన్నాడు డిటెక్టివ్, భూతద్దం తుడుస్తూ. "ఇందులో ఎవరిదో చెయ్యి ఉంది."

"నాదేనండీ. నీళ్ళు పోస్తున్నాను కదా."

"నిన్ను అనుమానితుల్లోంచి ఇంకా తీసెయ్యలేదు."

ట్రే నిండా ఆమె ముఖానికి రాసుకునే పౌడరు చల్లి వేలిముద్రలు తీశాడు. అన్నీ అతనివే.

"చూశావా, నా వేలిముద్రలే వాడుతున్నాడు. ఆరితేరినవాడు" అన్నాడు.

అనుమానం కింది వాటా బామ్మ మీదికి పోయింది. ఆవిడ ముప్పై ఏళ్ళు విత్తనాల గోదాములో పనిచేసింది. రోజూ మెట్ల దగ్గర "ఇంకా రాలేదా?" అని అడుగుతుంది. రాలేదని ఆవిడకెలా తెలుసు? వెంటనే వెళ్ళి విచారణ మొదలుపెట్టాడు.

"అవును, కాదు. ఈ రెండే జవాబులు. గింజలకు ఏమైందో మీకు తెలుసా?"

"అవును. బాబూ, వాటిని చల్ల..."

"అవునా, కాదా?"

"అవునంటున్నాను కదా, ముందు వాటిని..."

"అదనపు మాటలు వద్దు."

బామ్మ ముఖం మీదే తలుపేసింది. ఆ రోజు నుంచి అతని భార్యతో కూడా మాట మానేసింది. కేసు కన్నా ఆమెకు అదే ఎక్కువ బాధగా ఉంది.

వస్తు సాక్ష్యం చెడకూడదని డిటెక్టివ్ ట్రేని పారదర్శకమైన కవర్లో చుట్టి, దారం కట్టి, లక్కతో సీలు వేసి ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టాడు. మూడు నెలలు ఆమె కూరగాయలు ఆ ట్రే చుట్టూ ఒదిగి బతికాయి. టమాటాలు చవగ్గా దొరికిన రోజున ఓపిక నశించి, ట్రేని తీసి కిటికీ గట్టు మీద పడేసింది. సీలు చెక్కు చెదరలేదు కాబట్టి అతను ఊరుకున్నాడు. కవరు లోపల ఆవిరి పట్టి ఏమీ కనిపించడం లేదు.

గడువు రోజున ఓనరు మంచం సగం మెట్ల దాకా ఎక్కించాడు. డిటెక్టివ్ ఓనర్నీ, బామ్మనీ కిటికీ ముందు నిలబెట్టాడు.

"హంతకుడు ఈ గదిలోనే ఉన్నాడు" అన్నాడు గొంతు తగ్గించి. "సాక్ష్యం మీ కళ్ళ ముందే తెరుస్తాను."

కత్తెర పడింది. కవరు విడింది. ఆమె వంగి చూసింది. నల్లటి మట్టి మీద గుండుసూది తలంత పచ్చటి ఆకులు, జతలు జతలుగా. పదకొండు లెక్కపెట్టి, పన్నెండో దాని దగ్గర ఆమెకు కళ్ళు మసకబారాయి.

"హతులు బతికే ఉన్నారే" అన్నాడు ఓనరు.

బామ్మ చాలాకాలానికి నోరు విప్పింది. "చలికాలం వచ్చి పోయిందని నమ్మితేనే ఈ గింజలు కళ్ళు తెరుస్తాయమ్మా. ఫ్రిజ్‌లో పెట్టమని చెప్పబోతే మీ ఆయన అవునా కాదా అన్నాడు."

డిటెక్టివ్ ఒక్క క్షణం తడబడ్డాడు. ఒక్క క్షణమే.

"మరి నేనెందుకు పెట్టాననుకున్నారు?" అన్నాడు.

ఓనరు మంచం దించుకుపోయాడు. బామ్మ సాయంత్రం దాకా అక్కడే కూర్చుని, ఏ మొలకని ఎప్పుడు విడదీయాలో ఆమెకు చెప్పింది.

మర్నాడు ఆమె రాస్ప్‌బెర్రీలు కొనుక్కొచ్చి, గింజలు తీసి, కొత్త ట్రేలో చల్లి, ఫ్రిజ్‌లో కింది అర ఖాళీ చేసి భర్త దగ్గరికి వచ్చింది.

"ఏమండీ, ఈ ట్రే చుట్టూ ఎవరో తిరుగుతున్నారని నాకు అనుమానంగా ఉంది" అంది నెమ్మదిగా.

అతను అప్పటికే లక్క వెతుకుతున్నాడు.