ఎండ తగలని సోలార్ పలకే మేలు!

సోలార్ పలకని ఎండలో పెట్టేవాళ్లంత అమాయకులు భూమ్మీద ఇంకెవరూ ఉండరు! ఎండలో పెడితే కరెంటు ఎవడికైనా వస్తుంది. అందులో గొప్పేముంది? నీడలో పెట్టి తెప్పించాలండీ, అదీ ప్రజ్ఞంటే! ఈ విషయంలో రాజోలు పక్కనున్న మా ఊరు దేశానికే దారి చూపిస్తోంది. నవ్వకండి, నిజం.

ఈ ఎనభై ఆరో సంవత్సరం వేసవిలో మా ఆరోగ్య ఉపకేంద్రానికి ఒక సోలార్ పలకా, దానితో నడిచే చిన్న ఫ్రిజ్జూ మంజూరయ్యాయి. పిల్లలకి తట్టు రాకుండా వేసే టీకామందు చల్లగా ఉండకపోతే పాడైపోతుంది. మామూలు కరెంటు మా ఊరికి చుట్టపుచూపుగా వస్తుంది. అందుకని నర్సు మేరీగారు పైవాళ్ల చుట్టూ తిరిగి తిరిగి దీన్ని సాధించారు. అప్పటికే పేటలో కొందరు పిల్లలకి తట్టు పోసింది. ఆ పేటలోనే ఉండే చిన్నమ్మలు తన చంటిదాన్ని చంకనేసుకుని రోజూ వచ్చి, "టీకా ఎప్పుడేస్తారండీ?" అని అడిగేది.

మరి పలకని ఎక్కడ పాతాలి? ప్రారంభోత్సవానికొచ్చే ఆఫీసరుగారికి ఎండంటే గిట్టదు. అందుకని పంచాయతీ ప్రెసిడెంటు మాణిక్యాలరావుగారి కొబ్బరిచెట్ల కింద, కుర్చీలు వేసిన చోటే, సిమెంటు దిమ్మ కట్టి బిగించేశారు. ఆఫీసరుగారు రిబ్బను కత్తిరించి, "ఆహా, ఎంత చల్లగా ఉందండీ!" అని మెచ్చుకుని వెళ్లారు. ఫ్రిజ్ మాత్రం చల్లబడలేదు.

"ప్రెసిడెంటుగారండీ, అడ్డమొచ్చిన ఆ నాలుగు మట్టలూ కొట్టించేయండి, ఎండ పడుద్ది," అని బతిమాలారు మేరీగారు.

"పచ్చి మట్టలే! కాపు పోద్దండీ! చెట్టంటే మాకు కన్నబిడ్డండీ మేరీగారూ. బిడ్డ చెయ్యి విరిచేసుకుంటామాండీ?" అని ఆయన కళ్లు తుడుచుకున్నారు. ఎంత సున్నితమైన మనిషో చూడండి!

ఇక శాస్త్రం రంగంలోకి దిగింది. కాకినాడ నుంచి వచ్చిన ఇంజనీరు, "లైట్ మేనేజ్‌మెంట్ చెయ్యాలండీ. పక్కన పడే వెలుగుని అద్దాలతో ఇటు మళ్లించొచ్చు. గాజుకి తగిలి వెనక్కిపోయే వెలుగుని పలచటి పూతతో ఆపొచ్చు," అని ఉపన్యాసమిచ్చి బస్సెక్కేశాడు. వెంటనే 'వెలుగు సంఘం' ఏర్పడింది. కార్యదర్శిని నేనే! ఎంత బాధ్యతండీ!

పూత అంటే కోనసీమవాడికి వేరే చెప్పాలా? కొబ్బరినూనె! మా సంఘంలోని పాపాయమ్మగారు గానుగ నుంచి తాజా నూనె తెప్పించి, పలకకి మాడు చల్లబడేలా పట్టించారు. సాయంత్రానికల్లా రోడ్డు మీది దుమ్మంతా వచ్చి దానికి అంటుకుంది. చీమలు కాపురం పెట్టాయి. ఆనక కుంకుడు రసంతో తలంటి పోయించాం.

తర్వాత అద్దాలు. సెలూన్ బాబ్జీ తన పెద్దద్దం ఇచ్చేశాడు. ఆ రోజు నుంచి ఊళ్లో మగాళ్ల మీసాలు ఒకవైపు పైకీ, ఒకవైపు కిందికీ ఉన్నాయి. బీరువాల అద్దాల తలుపులు ఊడదీశాం. గుడి పళ్లేలు, చర్చి పళ్లేలు ఒకే వరసలో మెరిశాయి. నల్ల గొడుగులు నిషేధించాం. తెల్లపంచెలవాళ్లు పలక పక్కనే నిలబడాలనీ, బట్టతలలవారికి ముందువరస ఇవ్వాలనీ తీర్మానించాం. పేట ఆడవాళ్లు ఎండలో అద్దాలు పట్టుకుని, సూర్యుడు జరిగినప్పుడల్లా తామూ జరిగేవారు. ఇంతమందికి పని కల్పించిన పలక ప్రపంచంలో ఇంకోటి ఉందా?

ఆఖరికి ఫ్రిజ్ గుర్రుమంది! మేరీగారు టీకామందుని ఐసుపెట్టెలో పెట్టుకుని పరుగున వచ్చి తలుపు తీశారు. లోపల నిండా కొబ్బరి బొండాలు!

"మన వెలుగు సంఘాన్ని చూడ్డానికి ఆఫీసర్లు జీపులో వస్తన్నారండీ," అన్నారు ప్రెసిడెంటుగారు. "ఎండనపడి వచ్చినోళ్లకి చల్లగా ఇవ్వొద్దాండీ? మీ మందు రేపు పెట్టుకుందురు."

మేరీగారి పెట్టెలో ఐసు కరిగిపోతోంది. గుమ్మం పక్కనే అద్దం పట్టుకుని నిలబడ్డ చిన్నమ్మలు ఇదంతా విన్నది.

"పొద్దున్నుంచీ చేతులు పడిపోయేలా పట్టుకున్నానండీ బాబుగారూ. నా పిల్లకేసే మందుకి అందులో చోటు లేదాండీ?" అంది. ఆ గొంతు విని నాకే సిగ్గేసింది.

జవాబు కోసం ఆవిడ ఆగలేదు. అద్దాన్ని నేలమీద బోర్లించేసింది. పక్కావిడా బోర్లించింది. చూస్తూండగా అందరూ బోర్లించేశారు. ఫ్రిజ్ గుర్రు ఆగిపోయింది.

ప్రెసిడెంటుగారికి చెమటలు పట్టాయి. "ఒరేయ్ వీరన్నా! కత్తట్టుకుని చెట్టెక్కరా! అడ్డమొచ్చిన మట్టలన్నీ కొట్టెయ్! బొండాలు వేడెక్కిపోతాయిరా!" అని కేకలేశారు. రోజూ చెట్లెక్కి కొబ్బరికాయల దింపు తీసే వీరన్నకి అదెంత పని? పచ్చి మట్టలు దబదబా రాలాయి. పలక నిండా ఎండ పడింది.

అందరూ తలలెత్తి చెట్టుకేసి చూస్తున్నారు కదా, మేరీగారు బొండాలన్నీ వరండాలోకి దొర్లించి, టీకామందు లోపల పెట్టి, ఫ్రిజ్‌కి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకున్నారు. చిన్నమ్మలు కూతురు ఆ మర్నాడు టీకా వేయించుకుని ఊరంతా వినపడేలా ఏడ్చింది.

కాబట్టి పాఠకులారా, అద్దాలూ పూతలూ సంఘాలూ ఎందుకండీ దండగ? మీ ఊళ్లో పసిపిల్లలకి మందు అందాలంటే, ముందు ఓ ఆఫీసరుగారికి దాహం వేయించండి!