బాబా మియా భుజం మీద ఎవరు తట్టాలి?

మనిషి కష్టాన్ని సాటి మనిషి వినాలంటే రెండేళ్ల పీజీ చదివి ఉండాలి. చదవనివాళ్లు వినకూడదు. ఇది నా గట్టి అభిప్రాయం. నేను మూడో తరగతితో ఆగినదాన్ని కాబట్టి, ఇకమీదట ఎవరైనా నా దగ్గరికొచ్చి కళ్లనీళ్లు పెట్టుకుంటే, "నాకు అర్హత లేదమ్మా, వెళ్లిరా" అని చెప్పేస్తాను.

నవ్వకండి! మా మనవరాలు తేజస్విని ఎం.ఎస్.డబ్ల్యూ. చదువుతోంది. అంటే సమాజసేవలో పెద్ద డిగ్రీ అన్నమాట. అది పుస్తకాలు తెరిచి గట్టిగా చదవడం మొదలుపెట్టాకే, నేను జన్మంతా ఎన్ని తప్పులు చేశానో నాకు తెలిసొచ్చింది.

మా ఆయన వీర్రాజుగారికి ఇక్కడ పటాన్‌చెరు ఫ్యాక్టరీలో ఉద్యోగమొచ్చి తణుకు నుంచి వచ్చేశాం. అప్పట్లో క్వార్టర్స్‌లో మా వరసకి పద్దెనిమిది ఇళ్లు. ఒకరోజు ఎదురింటి కౌసల్యకి నొప్పులొస్తే, చేతిలో ఉన్న అప్పడాల కర్రతోనే ఆటో ఎక్కేశాను. ఆమె దగ్గర కన్సెంట్ ఫారం తీసుకున్నానా? లేదు. ఇంటర్వెన్షన్ ప్లాన్, అంటే ఏం సాయం ఎలా చేస్తానో ముందే రాశానా? లేదు. పైన ఎవరి చేతనైనా సంతకం పెట్టించానా? అదీ లేదు! ఆవేళ పుట్టిన పిల్లవాడు ఇప్పుడు ఇక్కడే టైర్ల షాపు నడుపుతున్నాడు. రికార్డు లేదు కాబట్టి వాడు పుట్టినట్టు ఒప్పుకుంటారో లేదో నాకు అనుమానమే.

ఈ చదువులో ఎంపతీ అని ఒక పాఠం ఉంది. ఎదుటివాళ్ల బాధ మన బాధ అనుకోవడం. దానికి పరీక్ష, మార్కులు, ఫెయిలైతే సప్లిమెంటరీ! మేము దాన్ని సిలబస్ లేకుండా, హాల్‌టికెట్ లేకుండా పప్పుగిన్నెలతో పాటు గోడ మీదుగా అందించేసుకున్నాం. మాలో ఎవరు పాసయ్యారో ఎవరు తప్పారో తేలకుండానే బతుకులు గడిచిపోయాయి. ఎంత అరాచకం!

నన్నడిగితే ఈ పద్ధతి ఇంకా పెరగాలి. పక్కింటివాళ్లని "ఒంట్లో ఎలా ఉంది?" అని అడగడానికి కనీసం డిప్లొమా పెట్టాలి. చావింటికి వెళ్లి పరామర్శించేవాళ్లకి ఎంట్రన్స్ టెస్టు పెట్టాలి. ఇప్పుడు మేముండే అపార్ట్‌మెంట్ లిఫ్టులో సగంమంది ఇప్పటికే పలకరించడం మానేశారు. నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తున్నారు కాబోలు.

ఇక ఫీల్డ్‌వర్క్ సంగతి. బుధవారం, శనివారం మా పిల్ల ఇస్నాపూర్‌లో ఫ్యాక్టరీవాళ్లు ఉండే కిరాయి గదుల వరసల్లో తిరగాలి. మొదటి వారం ఒక్కరూ తలుపు తీయలేదు. ఏదో అమ్మడానికి వచ్చిందనుకున్నారు. రెండో వారం నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది. ఒక గుమ్మంలో ఒకావిడ గోంగూర ఒలుస్తోంది. "ఎర్రదా తల్లీ, తెల్లదా?" అన్నాను. కుర్చీ వచ్చింది, మంచినీళ్లు వచ్చాయి. తేజస్విని పుస్తకం తీసి 'రాపో ఎస్టాబ్లిష్డ్', అంటే మాట కలిసింది, అని రాసుకుంది. నేను చేసినదాని పేరు అదని నాకు అప్పుడే తెలిసింది.

ఆవిడ పేరు ఖాతూన్. ఒక కంపెనీలో కాంట్రాక్టు మీద ఊడ్చే పని. భర్త బాబా మియా ఒక రేకుల షెడ్డులో ఇరవై రెండేళ్లు ప్రెస్ మిషన్ పక్కన నిలబడ్డాడు. ఆ చప్పుడికి రెండు చెవులూ పోయాయి.

"కూసో బేటీ. నువ్వు పన్నెండోదానివి," అంది ఖాతూన్.

"పన్నెండో ఏంటి ఆంటీ?"

"గీ సర్వేకు వచ్చిన పిల్లల్ల. నీకంటె ముందు పదకొండు మంది వచ్చి పోయిన్రు. రాస్కో. ఇంట్ల ఇద్దరం. ఇల్లు కిరాయిది. నల్లా నీళ్లు దినం తప్పి దినం. బాత్‌రూమ్ నాలుగు ఇండ్లకు ఒకటి. ఆగాగు, ఎనిమిదో సవాల్ ఇడిచిపెట్టినవ్. పొయ్యి గ్యాసా, కట్టెలా అని ఉంటది సూడు. గ్యాస్ అని రాయి."

మా పిల్ల ఫోన్ బయటికి తీసిందో లేదో, బాబా మియా టోపీ సర్దుకుని మంచం చివరికి జరిగి నిటారుగా కూర్చున్నాడు. ఎటు తిరిగితే ముఖం మీద నీడ పడదో ఆయనకి బాగా తెలుసు. చూశారా, చదువు సమాజానికి ఎంత క్రమశిక్షణ నేర్పిందో!

"మీ ప్రాబ్లం ఏంటి ఆంటీ?" అని అడిగింది తేజస్విని. ఫారంలో చివరి ప్రశ్న అది.

"అందరికి చెప్పిందే. ఈయనకు చెవుల సర్టిఫికెట్ గావాలె. గా కాగితం ఉంటే చెవుల మిషన్ ఇస్తరు, పింఛన్ వస్తది. రెండుసార్లు స్లాట్ దొరికింది. రెండుసార్లు సంగారెడ్డిల క్యాంపుకు పోయి, పొద్దుమూకే దాక కూసొని ఉత్త చేతులతోని వచ్చిండు."

"ఎందుకు?"

"ఆడ పేరు పిలుస్తరు గద బేటీ! ఈయనకు ఇనస్తే గద!"

చెవులు వినపడవని రాయించుకోవడానికి ముందు పిలుపు వినపడాలి. రెండుసార్లూ ఆయన ఎదురుగానే కూర్చుని ఆబ్సెంట్ అయ్యాడు. పక్కన ఖాతూన్ కూర్చుందామంటే, ఒక్కరోజు మానితే కాంట్రాక్టర్ ఆ చీపురు ఇంకొకరికి ఇచ్చేస్తాడు.

ఆ పదకొండు మందీ దీన్ని వదిలేశారనుకుంటున్నారా? అబ్బే! అందరూ రాశారు. ఒకరు 'అవగాహనా లోపం' అన్నారు. ఒకరు బాణాలు గీసి రంగుల చార్టు వేశారు. ఆ పిల్లకే ఫస్టు మార్కు వచ్చిందట. ఇంకొక అబ్బాయి ఏకంగా బస్తీలో మైకు పెట్టి అవగాహనా సదస్సు నడిపాడు. బాబా మియా ముందు వరసలోనే కూర్చున్నాడట. చివర్లో చప్పట్లు కూడా కొట్టాడట.

మేము వెళ్లిన నెలకి మూడో స్లాట్ దొరికింది, ఒక శనివారానికి. ఇది తప్పితే మళ్లీ ఎప్పటికో. "నేను వస్తాను ఆంటీ," అని మా పిల్ల మాటిచ్చేసింది. తీరా చూస్తే అదే శనివారం కాలేజీలో సెమినార్. దేని మీదనుకున్నారు? ఎంపతీ మీద! హాజరు తప్పనిసరి.

వాళ్ల ఫీల్డ్‌వర్క్ చూసే మురళీమోహన్ సార్‌కి ఫోన్ చేసి అడిగింది. సారు మంచివాడే, పుస్తకం ప్రకారం చెప్పాడు.

"చెయ్యి పట్టుకుని నడిపించడం మన పద్ధతి కాదమ్మా. ఆయన తన కాళ్ల మీద తను నిలబడేలా చెయ్యాలి."

"కాళ్లు బానే ఉన్నాయి సార్. చెవులే..."

"పైగా సంగారెడ్డి మీ ఫీల్డ్ ఏరియా కాదు. పర్మిషన్ లెటర్ కావాలి."

శుక్రవారం సాయంత్రం పిల్ల కంచం ముందు కూర్చుని కలుపుతోందే తప్ప తినడం లేదు. "అమ్మమ్మా, నేను వెళ్తే నేను ఆబ్సెంట్. వెళ్లకపోతే ఆయన ఆబ్సెంట్," అంది.

నేను అర్హత లేనిదాన్ని కదా, సలహా ఇవ్వలేదు. పొద్దున్నే లేచి మూడు డబ్బాల్లో పులిహోర మాత్రం సర్దాను.

బాబా మియాతో కలిపి ముగ్గురం బస్సెక్కాం. క్యాంపులో కిటకిటలాడుతూ జనం. బాబా మియా పిలిచేవాళ్ల పెదాలవైపే చూస్తున్నాడు కానీ, మధ్యలో ఎవరో ఒకరు అడ్డొస్తూనే ఉన్నారు. తేజస్విని పుస్తకం తెరవలేదు, ఫోన్ తీయలేదు. ఒళ్లంతా చెవులు చేసుకుని కూర్చుంది. మధ్యాహ్నం రెండు దాటాక లోపల్నుంచి ఆయన పేరు వినపడింది. పిల్ల ఆయన భుజం మీద తట్టింది. ఆయన లేచి లోపలికి వెళ్లాడు.

అంతే. ఇంటర్వెన్షన్ మొత్తం అంతే!

ఫీల్డ్‌వర్క్ రికార్డులో ఆ శనివారం గంటలు సున్నా. సెమినార్ ఎగ్గొట్టినందుకు ఎంపతీ మీద పది పేజీల అసైన్‌మెంట్. అయినా నేను ఈ చదువుని పల్లెత్తు మాట అనను. కాకపోతే ఒక చిన్న మనవి. సిలబస్‌లో చివరన, భుజం తట్టడం అని ఒక ప్రాక్టికల్ చేర్చండి. మార్కులు ఇవ్వకపోయినా ఫరవాలేదు, ఆబ్సెంట్ వెయ్యకుండా ఉంటే చాలు.

మూడు నెలలకి చెవుల మిషన్ వచ్చింది. చూసొద్దామని వెళ్లాం. బాబా మియా మంచం మీద కూర్చుని, పక్కింటి కుక్కర్ కూత పెట్టినప్పుడల్లా చిన్నపిల్లాడిలా నవ్వుతున్నాడు. "పెద్దమ్మా, జెర మాట్లాడు, నీ గొంతు ఇంటా," అన్నాడు. నేను మాట్లాడటానికి మొహమాటపడటం అదే మొదటిసారి.

ఇంతలో గుమ్మంలో ఫారంతో ఒక కొత్త అమ్మాయి నిలబడింది. పదమూడోది. "అంకుల్, మీ ఇంట్లో ఎంతమంది ఉంటారు? ఇల్లు సొంతమా, అద్దెదా? నీళ్లు రోజూ వస్తాయా?"

బాబా మియా మెడ ముందుకు వంచి ఒక్క అక్షరం పోకుండా విన్నాడు. విని, ఖాతూన్ వైపు తిరిగాడు.

"ఇన్ని దినాలు వీళ్లు అడిగింది గిదేనా?"

"గిదే," అంది ఖాతూన్.

ఆయన మెల్లిగా మిషన్ తీశాడు. తువ్వాలుతో తుడిచి చొక్కా జేబులో పెట్టుకుని, జేబు గుండీ పెట్టుకున్నాడు. టోపీ సర్దుకున్నాడు. ఫోటో కోసం మంచం చివరికి జరిగి నిటారుగా కూర్చున్నాడు.