పద్నాలుగో టోపీ

ఆ ఉదయం కండక్టరు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఏడింటికి కుక్కతో బయలుదేరాలి. ఊరి చివర గుట్టమీదికి చెట్ల నీడలో వెళ్లే కాలిబాట ఎక్కి, కొసన ఉన్న బోడిబండను చేత్తో తాకి, పదింటికల్లా ఇంట్లో ఉండాలి. ఎందుకంటే పదకొండింటికి ఒక వ్యాను వస్తుంది. అది వచ్చేది కుక్కను తీసుకుపోవడానికి.

ఆయన బస్సు దిగి ఆరేళ్లయినా వీధికంతటికీ కండక్టరే. మెడలో విజిల్ ఇంకా అలాగే ఉంది. ఎప్పుడూ వెనకే ఉంటుందని కుక్కకు స్టెప్నీ అని పేరు పెట్టాడు. పాత టికెట్ల సంచికి ఉన్న తోలుపట్టీ విప్పి దాని ఛాతీకి కట్టాడు. ఒక్క విజిల్ వేస్తే అది ఆగుతుంది, రెండు వేస్తే కదులుతుంది. ఇంట్లో ఇంకెవరూ ఆయన మాటను అంత శ్రద్ధగా వినరు.

గొడవంతా గతవారం మొదలైంది. ఇస్త్రీ కొట్టు ముందు కుక్కను కట్టేసి, పాత డ్రైవరు కనబడితే మాటల్లో పడి, ఆయనొక్కడే ఇంటికొచ్చేశాడు. అరగంటలో మళ్లీ వెళ్లి తెచ్చుకున్నాడనుకోండి. కానీ కూతురు హడలిపోయింది.

"ఇవాళ కుక్కను మర్చిపోయావు, రేపు ఇల్లు మర్చిపోతావు. నిన్నెక్కడని వెతకను నాన్నా?"

"మర్చిపోలేదే. దించాను, మళ్లీ ఎక్కించుకున్నాను. ముప్పై రెండేళ్ల సర్వీసులో నా తలల లెక్క ఒక్కసారి తప్పలేదు."

అల్లుడు కాలేజీలో లెక్కలు చెబుతాడు. లెక్క అన్న మాట వినబడితే ఊరుకోలేడు. "మా తమ్ముడి తోటలో బోలెడంత చోటుంది మామయ్యా. అది హాయిగా పరిగెత్తుకుంటుంది."

"అంత చోటుంటే మీ తమ్ముణ్ణే పరిగెత్తమనండి అల్లుడుగారూ."

చివరికి కండక్టరే పందెం విసిరాడు. గుట్ట ఎక్కి దిగి వస్తాడు, పట్టీ చేతిలోంచి జారితే కుక్కను తానే వ్యానెక్కిస్తాడు. కూతురు మోకాళ్ల సంగతి గుర్తుచేసి, వీల్లేదంటే వీల్లేదంది. తెల్లారి ఆమె స్నానానికి వెళ్లగానే ఆయన చెప్పులేసుకున్నాడు.

బాట మొదట్లో వాచరు గేటు పక్కన బోర్డుంది. కుక్కలను పట్టీతో మాత్రమే తీసుకువెళ్లవలెనని రాసుంది. కండక్టరు దాన్ని రెండుసార్లు చదివి, పట్టీని మణికట్టుకు ఇంకో చుట్టు చుట్టాడు. లోపల ఆకుల సందుల్లోంచి ఎండ చిల్లరగా రాలుతోంది. రాతిబెంచీ దగ్గర ఆయన ఊపిరి తీసుకుంటుంటే, యోగా టీచరు వెనకాల ఆవిడ నడక బృందం పసుపు టోపీలతో వరసగా వచ్చింది. ఆయన పెదాలు వాటంతటవే కదిలాయి. పద్నాలుగు. ముఖాలు చూడలేదు. ముఖాలు చూస్తే లెక్క తప్పుతుందని ఆయన నమ్మకం.

చెక్కవంతెన దగ్గర వాళ్లు నీళ్లు తాగుతూ ఆగారు. ఆయన వాళ్లను దాటుకుంటూ మళ్లీ లెక్కేశాడు. పద్నాలుగే. చివరి టోపీ ఎందుకో వాగు వైపు తిరిగి చేపల్ని చూస్తోంది. వాగులో నీళ్లు చీలమండ లోతు కూడా లేవు. కొంచెం పైన వంపు దగ్గర స్టెప్నీ ఉన్నట్టుండి ఆగి వెనక్కి లాగింది. కండక్టరు తిరిగి చూస్తే బృందం తాపీగా ఎక్కి వస్తోంది. "పద, మనం ముందు చేరాలి" అని దాన్ని గదిమి ముందుకు నడిచాడు.

బోడిబండను తాకినప్పుడు తొమ్మిది కూడా కాలేదు. మోకాళ్లు మూలుగుతున్నాయి గానీ మనసు ఎగురుతోంది. అప్పుడే పసుపు టోపీలు వచ్చాయి. పదకొండు, పన్నెండు, పదమూడు. ఆ తర్వాత ఇంకెవరూ లేరు.

ఆయన గుట్ట అదిరేలా ఒక పొడుగాటి విజిల్ వేశాడు. స్టెప్నీ కూర్చుంది. ఎవరి చెయ్యి ఎక్కడుంటే అక్కడే ఆగిపోయింది.

"ఒకరు తగ్గారు" అన్నాడు.

యోగా టీచరు పేర్లు పిలిచింది. అందరూ పలికారు. "మేం మొత్తం పదమూడు మందే బాబాయ్‌గారూ."

"పద్నాలుగు. బెంచీ దగ్గర పద్నాలుగు, వంతెన దగ్గర పద్నాలుగు."

"మా గ్రూపులో ఎంతమందో నాకు తెలీదా అండీ?"

"మీకు తెలిసుండొచ్చు. నేను మాత్రం లెక్కపెట్టాను."

ఆవిడ జాలిగా నవ్వింది. ఆ నవ్వుకు కండక్టరు ఒళ్లు మండింది. కుక్క మెడబిళ్ల మీద నంబరుంటే ఆవిడ పక్కకెళ్లి దానికి ఫోన్ చేసింది. "మీ నాన్నగారు లేని మనిషిని వెతుకుతున్నారమ్మా. మీరు త్వరగా వస్తే మంచిది" అని చెప్పింది.

కింద గేటు దగ్గర ఇంకో కథ నడిచింది. పొడుగు విజిల్ అంటే ప్రమాదమని వాచరుకు ఇచ్చిన కాగితంలో ఉంది. ఆ కాగితం పనికొచ్చే రోజు కోసం అతను నాలుగేళ్లుగా ఎదురుచూస్తున్నాడు. గేటు దగ్గరగా వేసి, ఇద్దరు తోటమాలులతో స్ట్రెచర్ మోయించుకుంటూ, "ఎవరండీ పడిందీ? పలకండీ!" అని దారిపొడుగునా అరుస్తూ బండ దాకా వచ్చాడు. అక్కడ అందరి చూపులూ ముసలాయన మీదే ఉండటం చూసి స్ట్రెచర్ తెచ్చి ఆయన ముందే దించాడు.

"పడుకోండి సార్, భయం లేదు."

"నాకు సీటక్కర్లేదు. నేను నిలబడే వస్తాను."

"అలా మొండికేస్తే ఎలా సార్?"

"మనిషి దొరికేదాకా ఈ బండ దిగేది లేదు. బలవంతంగా ఎక్కిస్తే కుక్కను కూడా పక్కన పడుకోబెట్టాల్సి వస్తుంది. పట్టీ విప్పకూడదని మీ బోర్డే చెబుతోంది."

వాచరు స్ట్రెచర్ వైపూ స్టెప్నీ వైపూ మార్చి మార్చి చూశాడు. అతని కాగితంలో దీనికి జవాబు లేదు.

పదిన్నరకు కూతురు రొప్పుతూ వచ్చింది. జుట్టు చెదిరి, కళ్లనిండా నీళ్లతో, "ఇక చాలు నాన్నా. ఇంటికి పోదాం" అంది. ఆ గొంతులో కోపం కన్నా భయం ఎక్కువుంది. అది విన్నాక కండక్టరుకు మొదటిసారి అనుమానం వచ్చింది. నిజంగానే లెక్క తప్పిందా? తప్పితే కుక్కా పోతుంది, రేపటినుంచి గేటు దాటనివ్వరు కూడా. అయినా తల వంచలేదు.

"పద్నాలుగమ్మా. చివరి టోపీ అంచు మీద నీలం సిరా మరక కూడా ఉంది."

కూతురు గబుక్కున నోటిమీద చెయ్యి పెట్టుకుంది. గబగబా ఫోన్ నొక్కింది. అవతల మోగుతూనే ఉంది గానీ ఎవరూ ఎత్తలేదు. చుట్టూ అందరూ ఆమె వైపే చూస్తున్నారు. ఏమీ తెలియనట్టు ఊరుకుని తండ్రిని కిందికి తీసుకుపోవచ్చు. ఆమె ఊరుకోలేదు.

"పద్నాలుగే" అంది అందరికీ వినబడేలా. "నేను ఈ గ్రూపులో నడిచినప్పటి టోపీ అది. మరక నాదే. నీకేమవుతుందోనని మా ఆయన్ని నీ వెనకాల పంపించాను నాన్నా."

కండక్టరుకు కోపం రాలేదు, బాధేసింది. ముప్పై రెండేళ్లలో ఎందరో తనిఖీ అధికారులు ఆయన బస్సెక్కారు. ఇంట్లోంచి మాత్రం ఎవరూ ఎక్కలేదు.

"నా బస్సులోకే చెకింగ్‌ని ఎక్కించావన్నమాట" అన్నాడు మెల్లగా. తర్వాత బాట వైపు తిరిగాడు. "వంతెన దగ్గర ఉన్నాడు, బండ దగ్గర లేడు. మధ్యలో ఉన్నది ఒకటే వంపు. మనిషి అక్కడే దిగాడు."

రెండు విజిళ్లు వేశాడు. స్టెప్నీ లేచింది. దాని వెనక కండక్టరు, ఆయన వెనక కూతురు, స్ట్రెచరు, పదమూడు టోపీలు బయలుదేరాయి.

వంపు దగ్గర పొదమీద పద్నాలుగో టోపీ వేలాడుతోంది. దాని కింద ఎండిన కాలువలో, వాచిన చీలమండ పట్టుకుని లెక్కల లెక్చరరు కూర్చున్నాడు. ఫోను చేతికందనంత దూరంలో రాళ్ల మధ్య మెరుస్తోంది.

"ఎలా పడ్డారండీ?" అంది కూతురు.

"మామయ్య వెనక్కి తిరిగారు కదా. కనబడకుండా పక్కకు గెంతాను."

"వాచరు అంత అరుచుకుంటూ వెళ్లాడు, పలకొచ్చుగా?" అన్నాడు కండక్టరు.

అల్లుడు తల దించుకున్నాడు. "పలికితే మీకు తెలిసిపోతుందని..."

"మరి సాయంత్రం దాకా ఇక్కడే ఉందామనా?"

"మీరు ఇంటికెళ్లాక పలుకుదామనుకున్నాను మామయ్యా."

కాలువ గట్టు నిలువుగా ఉంది. కండక్టరు పట్టీలో తన చేతి వైపు కొసను అల్లుడికి అందించబోయాడు. వాచరు అడ్డొచ్చాడు. "కుక్కను వదలకూడదు సార్."

"వదిలేదెవరు? రెండో కొస దాని ఛాతీకే ఉంది. మధ్యలో నేనున్నాను."

మళ్లీ రెండు విజిళ్లు. కుక్క లాగింది, ముసలాయన లాగాడు, తోలుపట్టీ ముప్పై రెండేళ్ల బరువు మోసిన అలవాటుతో కిర్రుమని ఊరుకుంది. అల్లుడు మోకాళ్లమీద పాక్కుంటూ బాటమీదికొచ్చి పడ్డాడు. స్టెప్నీ అతని ముఖం నాకింది.

"పద్నాలుగు" అన్నాడు కండక్టరు. యోగా టీచరు చప్పట్లు కొట్టింది.

గేటు బయట వ్యాను సిద్ధంగా ఉంది. ఇంటికి తాళం ఉండటంతో అల్లుడి తమ్ముడు వెతుక్కుంటూ ఇక్కడికే వచ్చాడు. స్ట్రెచరు చూసి కంగారుపడి, వెంటనే తేరుకుని, "కుక్క ఏది వదినా?" అనడిగాడు.

కూతురు తండ్రి వైపు చూసింది. ఆయన కుక్క వైపు చూస్తున్నాడు. పట్టీ మణికట్టుకు చుట్టే ఉంది.

"కుక్క రాదు. మీ అన్నయ్యను హాస్పిటల్‌కి తీసుకెళ్లు, నేనూ వస్తాను" అంది. వ్యానెక్కే ముందు సిరామరక టోపీ తన తలకు పెట్టుకుని, "రేపు ఏడింటికేనా నాన్నా?" అనడిగింది.

"ఏడింటికే. ముందునుంచి ఎక్కేట్టయితే రా."

కండక్టరు వ్యాను రేకును అరచేత్తో రెండు దెబ్బలు చరిచి, "రైట్!" అన్నాడు. వ్యాను కదిలింది.

వెనకభాగంలో స్టెప్నీ కోసం పరిచిన మెత్తటి పరుపు అల్లుడికి సరిగ్గా సరిపోయింది.