నల్లకుంటకు ముప్ఫై రెండు ఆధారాలు

ఒక పెద్ద అడవిలో ఒక హైస్కూలు, ఆ హైస్కూల్లో ఒక గాడిద మాస్టారు. ఆ గాడిదని నేనే. వినయం కొద్దీ అంటున్న మాట కాదు, పుట్టుకే అది.

పట్నంలో ఉన్నప్పుడు నన్నొక బడి గోడ వెనకాల కట్టేసేవారు. అక్కడ పారేసిన పుస్తకాలు చాలా తిన్నాను. అడవికొచ్చాక హెడ్మాస్టరు ఎలుగుబంటి గారు "ఎంతవరకు చదివారేమిటి?" అని అడిగితే, "చదవడమేమిటండీ, జీర్ణించుకున్నాను" అన్నాను. ఆయన పొంగిపోయి, పదో తరగతికి ప్రాజెక్టులు రాయడం నేర్పే పని నాకిచ్చేశారు.

నా పాఠం ఒక్కటే. "సొంత కవిత్వం వద్దు. ప్రతి మాటకీ ఆధారం రాయాలి. ఎవరు చెప్పారు, ఎక్కడ చెప్పారు. ఆధారం లేకపోతే సున్నా."

ఆధారాల కోసం పిల్లలు చిలకల గుట్టకు పరిగెత్తేవారు. మీకు ఇంటర్నెట్టు ఎలాగో మాకు ఆ గుట్ట అలాగ. కింద నిలబడి ఏదడిగినా వెయ్యి చిలకలు ఒక్కసారే జవాబు చెబుతాయి. ఎక్కువసార్లు విన్న మాటను ఎక్కువ గట్టిగా అరుస్తాయి, అంతే. గుట్ట దిగి చూసొచ్చిన చిలక ఒక్కటీ లేదు.

ఆ ఏడాది వానలు మొహం చాటేశాయి. మాఘం వెళ్ళకముందే మడుగులు అడుగంటాయి. అడవి సభవారు కంగారుపడి "వేసవిలో నీళ్ళెక్కడ?" అని పదో తరగతికి ప్రాజెక్టు ఇచ్చారు. మొదటి మార్కు వచ్చిన ప్రాజెక్టు ఎక్కడికి పొమ్మంటే మందలన్నీ అక్కడికే పోవాలని తీర్మానం. పెద్దలే వెళ్ళి వెతకొచ్చు కదా అంటారా? పెద్దలకు మీటింగులున్నాయి.

నక్క పిల్లాడు గోపన్న రాసిందంతా ఒక్క వాక్యం. "తూర్పున నల్లకుంట ఏ వేసవిలోనూ ఎండదు." దాని కింద ముప్ఫై రెండు ఆధారాలు! చూసి నా కళ్ళు చెమర్చాయి. నూటికి నూరూ వేసేశాను.

దుప్పి పిల్ల సింగారి రెండు పేజీలు రాసింది. మొదటి పేజీలో ఇలా ఉంది: "నల్లకుంట ఎండిపోయింది. ఆధారం: నేను వెళ్ళి చూశాను."

"ఇదేమిటమ్మాయ్?" అన్నాను.

"రెండు రోజులు నడిచి వెళ్ళానండీ. నెర్రెలిచ్చి ఉంది."

"అలాగని ఎవరు చెప్పారు?"

"చూశాక ఇంకెవరు చెప్పాలండీ?"

"ఎదురు ప్రశ్నలా! చూడటం ఆధారం కాదు. చూశానని ఇంకెవరైనా రాస్తే, అది ఆధారం."

సింగారి కాగితాలు మళ్ళీ నా ముందుకు తోసింది. "మా తమ్ముడికి ఇంకా నెల్లాళ్ళు నిండలేదు మాస్టారూ. అంత దూరం నడిచాక నీళ్ళు లేకపోతే వాడు బతకడు."

జాలేసింది. కానీ రూలు రూలే కదా. సున్నా చుట్టాను. రెండో పేజీ తిప్పనేలేదు. సున్నాకి రెండో పేజీ ఎందుకు?

మందలన్నీ నల్లకుంటకు బయల్దేరాయి. సింగారి దారి పొడుగునా చెబుతూనే ఉంది. వాళ్ళమ్మ కసిరింది. "మాస్టారికంటే నీకెక్కువ తెలుసా? నోర్మూసుకుని నడువ్."

రెండో రోజు మిట్టమధ్యాహ్నం చేరుకున్నాం. కుంట నిండా ఎండ తప్ప ఏమీ లేదు. సింగారి తమ్ముడు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. వాళ్ళమ్మ వాణ్ణి నాకింది గానీ ఆమె నాలుకే ఎండిపోయింది.

అడవిదున్న గోపన్న మీదికి లేచింది. "ఎవడ్రా నీకు చెప్పింది?"

"చిలకలు చెప్పాయండీ!"

"కాకి గారి వారపత్రికలో ఉంది, వారపత్రికలో ఉంది!" అని నీళ్ళ కోసం మొదటిసారి గుట్ట దిగి మా వెంట వచ్చిన చిలకలు గోల పెట్టాయి.

"అది హెడ్మాస్టరు గారి ఉపన్యాసం నుంచి తీసుకున్నది" అంది కాకి.

ఎలుగుబంటి గారు వీపు గోక్కున్నారు. "నేనా... మన గాడిద మాస్టారి నల్లబల్ల మీద చూశానండీ."

అందరూ నా వైపు తిరిగారు. అప్పుడు గుర్తొచ్చింది. ఏడేళ్ళ కిందట, నా మొట్టమొదటి పాఠం. ఆధారం ఎలా రాయాలో చూపించడానికి నోటికొచ్చిన వాక్యం ఒకటి బల్ల మీద రాశాను. "నల్లకుంట ఏ వేసవిలోనూ ఎండదు. ఆధారం: గాడిద మాస్టారు." ఉత్త ఉదాహరణ! ఆ కుంట నల్లగా ఉంటుందో తెల్లగా ఉంటుందో కూడా నాకు తెలీదు. ముప్ఫై రెండు మంది చెప్పారు కదాని చివరికి నేనూ నమ్మేశాను. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"సింగారీ," అన్నాను తలెత్తకుండా, "రెండో పేజీలో ఏం రాశావమ్మా?"

"వాగు మలుపులో ఏనుగులు ఇసుక తవ్వి చెలమ చేసుకున్నాయండీ. నీళ్ళున్నాయి. నేను తాగాను కూడా."

"ఎక్కడా వాగు మలుపు?"

"నిన్న సాయంత్రం దాటొచ్చేశాం మాస్టారూ. ఆగుదామని అరిచాను. ఆధారం లేకుండా ఆగకూడదని మీరే అన్నారు."

ఆ పసివాణ్ణి నా వీపు మీద వేయమన్నాను. మోత మాత్రం నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. సింగారి ముందు నడిచింది, అడవంతా దాని వెనకాల నడిచింది. చీకటి పడకముందే చెలమ చేరాం. ఏనుగులు పక్కకు జరిగి చోటిచ్చాయి. పిల్లాడు మూతి ముంచి గుటకలు వేస్తుంటే నాకు ఏడుపాగలేదు.

మర్నాడు హెడ్మాస్టరు గారు కాగితం తీశారు. "నీళ్ళు దొరికిన సంగతి సభ రికార్డుకెక్కాలి. ఆధారం ఎవరని రాద్దాం?"

"ఇంకెవరండీ, సింగారి!"

"ఆ పిల్లకి సున్నా కదండీ. సున్నా వచ్చినవాళ్ళని సభ ఒప్పుకోదు."

"అయితే మార్కు దిద్దేస్తాను."

"వేసిన మార్కు దిద్దితే రేపు మిమ్మల్నెవరు నమ్ముతారు? మీ పేరే రాయండి, ఎందుకొచ్చిన గొడవ."

రాశాను. అవును, రాశాను. "వాగు మలుపు చెలమలో నీళ్ళున్నాయి. ఆధారం: గాడిద మాస్టారు." ఇంత జరిగాక కూడా కలం ఎక్కడా ఆగలేదు చూశారూ!

సింగారి తొంగి చూసింది. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. "పేరు మీదే ఉండనివ్వండి మాస్టారూ. కానీ వచ్చే వేసవికి అందరూ ఈ కాగితం పట్టుకునే బయల్దేరతారు. అప్పటికి చెలమ పూడిపోతే? కింద ఇంకో ముక్క రాయండి. బయల్దేరే ముందు ఎవరో ఒకరు వెళ్ళి చూసి రావాలని."

పెద్ద అక్షరాలతో రాశాను. నా ఉద్యోగంలో నేను రాసిన ఒకే ఒక్క మంచి వాక్యం అది.

హెడ్మాస్టరు గారు కాగితం కళ్ళకి దగ్గరగా పెట్టుకుని రెండుసార్లు చదివారు. "భేషుగ్గా ఉంది మాస్టారూ. మరి ఈ చివరి మాటకి ఆధారం?"

నీతి: నీళ్ళు కావాలంటే వెళ్ళి చూసుకోండి, మార్కులు కావాలంటే మాత్రం మా బడికే రండి.