ఆవిడ కొలతకి కుట్టిన కారు

వీధికి ఒక్క కారు ఉంటే వీధంతా గొప్పగా చెప్పుకునే రోజులవి. ఆ వీధికి ఆ గొప్ప ఒక దర్జీ వల్ల వచ్చింది. మెడలో ఎప్పుడూ కొలతల టేపు వేలాడుతూ ఉండేది కాబట్టి ఆయన్ని అందరూ టేపాయన అనేవారు. అన్నం తినేటప్పుడు కూడా దాన్ని తీసేవాడు కాదు. పెళ్ళి ఫోటోలో కూడా ఉందని భార్య అనేది గానీ, ఆ ఫోటో ఎవరికీ చూపించలేదు.

కారు కొత్తది. బతుకంతా పదిమంది చొక్కాలూ కోట్లూ కుట్టి కొన్నది. ఇంటికి తెచ్చిన రోజున టేపాయన ముందు దాని పొడుగూ వెడల్పూ కొలిచి, ఆ తర్వాతే తాళం వేశాడు.

ఆయనకున్న కోరిక ఒక్కటే. అన్నేళ్ళూ సైకిలు మీదా, ఆ తర్వాత స్కూటరు మీదా భార్య ఆయన వీపు వెనకే కూర్చుంది. ఆవిడ చెప్పే కబుర్లన్నీ గాలికి కొట్టుకుపోయేవి, ఈయన అన్నిటికీ కలిపి ఒక "ఆఁ" అనేవాడు. ఇకనైనా ఆవిడని పక్కన కూర్చోబెట్టుకుని, ఆ కబుర్లు వింటూ బండి నడపాలి.

ఆ ముచ్చట మొదటి వానదాకానే సాగింది.

బండి గతుకులో ఎగిరిపడగానే ఆవిడ పక్కనున్న కిటికీ అద్దం సర్రున తలుపులోకి దిగిపోయింది. హ్యాండిల్ పట్టి తిప్పితే అది గిర్రున తిరిగింది గానీ అద్దం పైకి రాలేదు. ఇల్లు చేరేసరికి ఆవిడ ఒక పక్క తడిముద్ద, ఇంకో పక్క ఇస్త్రీ నలగలేదు.

"నయమే. సగమే ఆరేసుకోవాలి" అంది దిగుతూ.

మర్నాటినుంచి వెనక సీట్లో, సరిగ్గా మధ్యలో కూర్చోవడం మొదలుపెట్టింది. టేపాయన ప్రాణం ఉసూరుమంది. ముందు సీటు ఖాళీ, వెనక మహారాణి, తానేమో జీతం లేని డ్రైవరు.

"ముందుకి రావే. ఇప్పుడు వాన లేదుగా."

"వాన చెప్పి వస్తుందా ఏంటి. అద్దం బాగయ్యాక చూద్దాం లెండి. మీరు రోడ్డు చూడండి."

బండికి వారంటీ ఉంది. ఏది చెడినా ఊరికే బాగు చేసి ఇస్తామని షోరూము మేనేజరు కొన్ననాడే చెప్పాడు. ఆయన నిండైన మనిషి. చొక్కా బొత్తాలు పొట్ట దగ్గర కొంచెం అవస్థ పడేవి. ఏమడిగినా చిరునవ్వుతో "తప్పకుండా" అనేవాడు. అందుకని ఆవిడ ఆయనకి తప్పకుండా గారు అని పేరు పెట్టింది.

తప్పకుండా గారు మొదటిసారి బండిని శుభ్రంగా కడిగించి, లోపల అత్తరు కొట్టించి ఇచ్చారు. షోరూము మలుపు తిరక్కముందే అద్దం దిగిపోయింది. రెండోసారి అద్దం సంగతి అలాగే ఉండగా హారను మూగబోయింది. మూడోసారి హారనుకి మాట వచ్చింది గానీ, బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే మోగేది. టేపాయన బండి ఆపినప్పుడల్లా ముందున్నవాళ్ళు వెనక్కి తిరిగి తిట్టేవారు. అద్దం గురించి అడిగితే, పరీక్షించామని, లోపం ఏమీ లేదని జవాబు. నిజమే, అరచేయంత నున్నగా ఉండే షోరూము నేల మీద అది ఏనాడూ పడలేదు.

వారంటీ గడువు దగ్గర పడుతుండగా టేపాయన గట్టిగా నిలదీశాడు. అప్పుడు తప్పకుండా గారు బండిలోకి తొంగిచూసి, ముందు సీటు బెల్టు వేళ్ళతో పైకెత్తి పట్టుకున్నారు.

ఆ కాలపు బెల్టులు వాటంతట అవి లోపలికి చుట్టుకునేవి కావు. వదులుగా ఒళ్ళో పడి ఉండేవి. మనిషికి తగ్గట్టు బిగించుకుంటే కాసేపటికి మళ్ళీ జారేవి. టేపాయన భార్య పొట్టి మనిషి. బెల్టు ఆవిడ మీద అన్నగారి చొక్కాలా వేలాడుతుంటే దర్జీ చెయ్యి ఊరుకుంటుందా? కొన్న వారంలోనే కొలత తీసి, మడత పెట్టి కుట్టేశాడు. తాను మాత్రం ఊపిరాడదని ఎప్పుడూ బెల్టు పెట్టుకున్న పాపాన పోలేదు.

"బయటివాళ్ళ చెయ్యి పడిందండీ. ఇక వారంటీ వర్తించదు" అన్నారు మేనేజరు, చిరునవ్వు చెదరకుండా.

"నేను కుట్టింది బెల్టు కదండీ. చెడింది అద్దం."

"తప్పకుండా. కానీ రూలు బండి మొత్తానికి."

టేపాయన ఇంటికొచ్చి మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. సాయంత్రానికి బుర్రలో ఒక ఆలోచన మెరిసింది. చొక్కాకి ఒక చెయ్యి పొట్టిదైతే దర్జీని తిడతారు. రెండు చేతులూ పొట్టివైతే ఫ్యాషనంటారు. ఒక్క బెల్టుకే మడత ఉంటే తప్పు గానీ, అన్ని బెల్టులకీ ఉంటే అది కంపెనీ చేసిన పనే అవుతుంది కదా.

మర్నాడు సూదీ దారం పట్టుకుని బండిలో దూరాడు. మిషను లోపలికి పట్టదు కాబట్టి చేత్తోనే, మిషను కుట్టుని తలదన్నేలా కుట్టాడు. వేళ్ళు తూట్లు పడ్డాయి. కొలత కోసం ప్రత్యేకంగా వెతుక్కోలేదు. మొదటి బెల్టు ఉండనే ఉంది. అన్నీ దాని లెక్కనే బిగించాడు.

సాయంత్రం భార్య వచ్చి కిటికీలోంచి చూసింది.

"ఇదేంటండీ, అన్నీ నా కొలతకే కుట్టారు?"

"కంపెనీవాడికి అది నీ కొలత అని తెలుసా ఏంటి? నువ్వు నోరు మెదపకు. నేను మాట్లాడతాను."

"మాట్లాడండి" అంది ఆవిడ. "నేనూ వస్తాను. ఊరికే కూర్చోడానికి."

మర్నాడు పొద్దుటినుంచీ వాన. షోరూములో కొత్త కారు కొందామని వచ్చిన దంపతులు కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. టేపాయన గొంతు సవరించుకుని, అన్ని బెల్టులూ ఇలాగే ఉన్నాయి చూడండని, ఇది మీ కంపెనీ పనేనని దబాయించాడు. తప్పకుండా గారు ఒక్కొక్క బెల్టూ చూసి, కుట్టు చాలా బాగుందని మెచ్చుకున్నారు. మెప్పు వినబడితే ఆగలేని చెవులు టేపాయనవి.

"మరి చేత్తో కుట్టడమంటే మాటలా" అనేశాడు.

ఆవిడ కళ్ళు మూసుకుని, తెరిచి, లేచింది.

"కుట్టారండీ. మా ఆయనే కుట్టారు" అంది మేనేజరుతో. "అద్దం ఆ బెల్టుకి వేలాడుతోందా చెప్పండి. మీరు నా సీట్లో కూర్చుని ఒక్కసారి వీధి చివరిదాకా రండి. అద్దం పడకపోతే ఇక మీ గుమ్మం తొక్కం. వస్తారా?"

ఆయన నోటికి అలవాటైన మాట ఒక్కటే. "తప్పకుండా" అనేశారు. అనేశాక ముఖం మారింది. కొత్త దంపతులు చూస్తున్నారు. వెంటనే రూలు గుర్తు తెచ్చుకుని, నడిపేవారు బెల్టు పెట్టుకోందే బండి మా గేటు దాటకూడదన్నారు.

టేపాయన స్టీరింగు ముందు కూర్చుని బెల్టు లాగాడు. అది రొమ్ముదాకా వచ్చి ఆగిపోయింది. ఊపిరి బిగబట్టాడు. పొట్ట లోపలికి పీల్చాడు. జానెడు దూరం అలాగే ఉండిపోయింది. తప్పకుండా గారి చిరునవ్వు తిరిగొచ్చింది.

"మీరు దిగండి" అంది ఆవిడ.

ఆయన దిగాడు. ఆవిడ ఎక్కి, సీటు ముందుకి జరుపుకుని, బెల్టు పెట్టుకుంది. ఒంటికి అతికినట్టు సరిపోయింది. సంచీలోంచి లైసెన్సు తీసి మేనేజరు చేతిలో పెట్టింది. ఆ కార్డుని మేనేజరు కన్నా ముందు టేపాయనే చదివాడు. పేరు ఆవిడదే. ఫోటో ఆవిడదే. ఇంటి అడ్రసు కూడా తమదే.

మేనేజరుకి బెల్టు అందక, దాని కొస చేత్తో పట్టుకుని పొట్ట మీద ఆనించుకున్నారు. టేపాయన నోరు తెరుచుకుని వెనక సీట్లో, సరిగ్గా మధ్యలో కూర్చున్నాడు. బండి కుదుపు లేకుండా కదిలింది. మొదటి గతుకులోనే అద్దం సర్రున దిగింది, వాన లోపలికొచ్చింది. మేనేజరు హ్యాండిల్ గిరగిరా తిప్పారు. కన్నుమూసి తెరిచేలోగా ఆయన ఒక పక్క తడిముద్ద అయిపోయారు.

"ఇంకొంచెం దూరం చూద్దామాండీ?" అని అడిగింది ఆవిడ మర్యాదగా.

"తప్పకుండా" అన్నారాయన అలవాటు చొప్పున. ఆవిడ పెద్ద రోడ్డు చుట్టూ తిప్పి తీసుకొచ్చింది.

ఆ మధ్యాహ్నానికే అద్దం బాగయింది. హారను కూడా. తప్పకుండా గారు తుమ్ముతూ వారంటీ కింద రాసిచ్చారు.

టేపాయన అలవాటుగా డ్రైవరు తలుపు దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ అప్పటికే లోపలుంది.

"ఎప్పుడు నేర్చుకున్నావే?"

"మొదటిసారి సగం తడిశాను చూశారూ, అప్పట్నుంచి. వెనక మధ్యలో కూర్చుంటే మీ కాళ్ళు బాగా కనిపించేవి. ఏ కాలితో ఎప్పుడు తొక్కకూడదో మీ దగ్గరే నేర్చుకున్నాను. మిగతాది డ్రైవింగు నేర్పే అక్క చెప్పింది. మీరు కుట్టిన కోటు ఆవిడకి సరిపోయిందో లేదో చూసొస్తానని చెప్పి వెళ్ళేదాన్ని కదా, నేర్చుకోడానికే."

"అద్దం భయానికి వెనక్కి వెళ్ళావనుకున్నాను."

"అనుకోండి, ఎవరు కాదన్నారు. ఎక్కండి మరి. ఆ పక్క బెల్టు కుట్టు విప్పుకుంటారో, ఊపిరి బిగబట్టుకుంటారో మీ ఇష్టం. ఇది మాత్రం ముట్టుకోకండి, నాకు కుదిరింది."

టేపాయన షోరూము ఆవరణలో, కొత్త దంపతులు చూస్తుండగా, పక్క సీట్లో తలొంచుకుని కూర్చున్నాడు. నిన్న వేళ్ళు తూట్లు పడేలా కుట్టిన చేతులతోనే చిన్న కత్తెర తీసి, పాత కుట్టు ఒక్కొక్కటే విప్పుకున్నాడు. విప్పుతూ కూడా కుట్టు ఎంత గట్టిగా వేశానా అని కొంచెం మురిశాడు.

బండి వానలోకి వెళ్ళింది. అద్దం నిలబడింది. లోపలికి గాలి లేదు, చప్పుడు లేదు. ఆవిడ డ్రైవింగు అక్క గురించీ, ఆ అక్క మొండి కుక్క గురించీ, లైసెన్సు పరీక్షలో పక్కాయన కరెంటు స్తంభానికి బండిని ఆనించిన సంగతీ చెబుతూనే ఉంది. ఒక్క మాట కూడా ఎటూ కొట్టుకుపోలేదు. ఈయన ఏ మాటకి ఆ మాటకే "ఆఁ" అన్నాడు.

వీధి మలుపు దగ్గర ఆవిడ వేగం తగ్గించింది.

"ఇంటికేగా?"

టేపాయన మెడలోని టేపుని రెండు చేతులతోనూ పట్టుకుని, కిటికీలోంచి బయటికి చూశాడు.

"ఇంకొంచెం తిప్పు" అన్నాడు.