టిక్కు పెట్టిన నాలుగు వందల పన్నెండు

ప్రపంచంలోని కాగితాలు రెండే రకాలు: ఉంచవలసినవి, పారేయవలసినవి. ఏది ఏ రకమో తేల్చడానికే మనుషులు ప్రభుత్వాలను ఏర్పాటు చేసుకున్నారు. (రోడ్లు, ఆసుపత్రులు వగైరా తర్వాత తోచినవి.) ఉపాధ్యాయుల బదిలీల కార్యాలయంలో ఈ తేల్చే పని ఇరవై రెండేళ్లుగా రెండో అంతస్తు చివరి గదిలో కూర్చునే రికార్డుల గుమాస్తా చేతిలో ఉంది. ఆ గదికి ఒక కిటికీ, ఒక ఫ్యాను, ఒక కంప్యూటరు. ఫ్యాను తిరుగుతుంది, కిటికీ తెరుచుకోదు.

కంప్యూటరులో ఫైళ్లు సర్దే ప్రోగ్రాము ఒకటుంది. దానికి బొమ్మలు లేవు, మౌసుతో పనిలేదు. నీలం తెర మీద తెల్లటి అక్షరాలు, ఎడమవైపు ఒక జాబితా, కుడివైపు ఒక జాబితా, అడుగున పది మీటల పేర్లు, అంతే. ఫైళ్లను ఈ జాబితా నుంచి ఆ జాబితాకు కాపీ చేయొచ్చు, పంపేయొచ్చు, అసలు లేకుండా తీసేయొచ్చు. ఎక్కించిన రోజున మెకానిక్కు ఇది ఉచితమని చెప్పాడు. ఎవరో ముక్కూమొహం తెలియని మనుషులు తీరిక వేళల్లో రాసి, కావలసినవాళ్లు వాడుకోండని వదిలేశారట. ఈ మాట కార్యాలయాన్ని కలవరపెట్టింది. ధర లేని వస్తువును రాసుకోవడానికి స్టాకు రిజిస్టరులో గడి లేదు. రిజిస్టరులో లేని వస్తువు కార్యాలయంలోనూ లేనట్టే. లేని వస్తువు మీద శిక్షణ ఇవ్వడం కుదరదని స్టోర్సు విభాగం రాతపూర్వకంగా తెలియజేసింది.

గుమాస్తా శిక్షణ కోసం బెంగపెట్టుకోలేదు. మొదటి మీట నొక్కితే ప్రోగ్రామే అన్నీ విడమరచి చెబుతుందని ఆయనకు తెలుసు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నొక్కలేదు. నొక్కితే, తనకు తెలియదన్న సంగతి కంప్యూటరుకు తెలిసిపోతుంది. పైగా మౌసు లేకుండా ఆయన వేళ్లు పరుగెత్తడం చూసి వచ్చినవాళ్లంతా నోరెళ్లబెట్టేవారు. కింది అంతస్తువాళ్లు ఆయనకు 'కమాండరు' అని పేరు పెట్టారు. ఆయన వద్దనేవాడు గానీ, గట్టిగా వద్దన్నట్టు ఎవరికీ గుర్తులేదు.

(ఇక్కడొక వివరణ. తన పొరపాటు మీద తానే నివేదిక రాసుకునే ఉద్యోగి 'నేను' అన్న మాట వాడరాదని నియమం. ఈ నివేదికలో ఆ మాట కనిపించకపోవడానికి కారణం అదే.)

గుమాస్తా భార్య టీచరు. బస్సులో ఐదు గంటల దూరంలో ఉన్న బడిలో పని. శనివారం సాయంత్రం వస్తుంది, సోమవారం తెల్లవారకముందే బ్యాగు సర్దుకుని వెళ్తుంది. అంటే పదకొండేళ్లుగా వాళ్ల కాపురం వారానికి ఒకటిన్నర రోజు. పదకొండేళ్ల కిందట ఆమె పెట్టుకున్న బదిలీ దరఖాస్తు భర్త కంప్యూటరులోనే ఉంది. (కాగితం మీది అసలును స్కాను చేసిన రోజే గుజ్జు మిల్లుకు పంపేశారు.) దరఖాస్తు తేదీని బట్టి వరస. ఈ ఏడు ఆమె వరసలో మొదటికి వచ్చింది, వచ్చే నెలలో ఉత్తర్వులు. వంటింట్లో ఏ డబ్బా ఎక్కడుండాలో ఆమె అప్పుడే మార్చడం మొదలుపెట్టింది. మర్నాడు పంచదార ఎక్కడుందో తెలియక ఆయన చప్పటి కాఫీ తాగాడు, ఆనందంగా తాగాడు.

ఉత్తర్వులకు ముందు పాత ఫైళ్లు ఏరివేయాలని పైనుంచి ఆదేశం వచ్చింది. కాగితాల కాలంలో ఏరివేతకు ఆయనదొక పద్ధతి ఉండేది. ఉంచవలసిన ఫైలు మీద ఎర్ర పెన్సిలుతో టిక్కు పెట్టేవాడు, టిక్కు లేనివన్నీ గోతాల్లోకి పోయేవి. ఆ పద్ధతిలో ఒక్క కాగితం పోయిందన్న మాట లేదు. ప్రోగ్రాములోనూ టిక్కులాంటిది ఉంది. ఒక మీట నొక్కితే ఫైలు పేరు రంగు మారుతుంది. ఆయన మూడు రోజులు నడుము నొప్పి పుట్టేదాకా కూర్చుని, ఉంచవలసినవాటికల్లా రంగు మార్చాడు. మొట్టమొదట మార్చింది భార్య దరఖాస్తుకు. లెక్క నోటుబుక్కులో రాసుకున్నాడు: నాలుగు వందల పన్నెండు. కుడివైపు జాబితాలో ఉన్న నకళ్లకు కూడా అలాగే గుర్తులు పెట్టాడు. రెండు వైపులా ఒకేలా ఉండాలన్న నియమం ఆయన రాసిందే.

ఆ తర్వాత తీసేసే మీట నొక్కాడు. తెర మీద ఎర్రటి పెట్టె వచ్చింది. అందులో ఒక ప్రశ్న, ఒక సంఖ్య. ప్రశ్నను ఆయన చదవలేదు. కంప్యూటర్లు మర్యాదకు అడుగుతాయని ఆయన నమ్మకం. సంఖ్య మాత్రం చూశాడు: నాలుగు వందల పన్నెండు. నోటుబుక్కు తీసి సరిచూసుకున్నాడు. ఒక్కటి కూడా తేడా లేదు. ఇంత చక్కగా పనిచేసేదానికి ధర లేదంటే ఆయనకు నిజంగా మనసు చివుక్కుమంది. ఎడమవైపు అవునన్నాడు, కుడివైపు కూడా అవునన్నాడు.

మర్నాడు పొద్దున ఇంకా ఏమేం ఉన్నాయో చూశాడు. టీ గ్లాసులు కడగడంపై సర్క్యులరు ఉంది. తలుపు గడియ మరమ్మతు గురించి తొమ్మిదేళ్ల ఉత్తరప్రత్యుత్తరాలు ఉన్నాయి. లిఫ్టులో పాటించవలసిన జాగ్రత్తలు ఉన్నాయి. (భవనంలో లిఫ్టు లేదు.) దరఖాస్తు ఒక్కటీ లేదు. ఆయన మెకానిక్కుకు కబురు పెట్టాడు.

మెకానిక్కు వచ్చి తెర వంక చూసి, ఆయన వంక చూశాడు.

"గుర్తు పెట్టినవాటినే తీస్తుంది సార్. గుర్తు పెట్టకపోతే దేన్ని తీయాలో దానికెలా తెలుస్తుంది?"

తిరిగి తెప్పించే దారి లేదా అని గుమాస్తా అడిగాడు. ఇందులో చెత్తబుట్ట ఉండదనీ, అందుకే తీసే ముందు అడుగుతుందనీ, ఆయన రెండుసార్లు అవునన్నారనీ మెకానిక్కు చెప్పాడు. మొదటి మీట నొక్కి చూడకపోయారా అని కూడా అన్నాడు.

పై అధికారి విషయాన్ని రెండు రోజులు పరిశీలించాడు. ఏరివేత నియమావళి ఏడవ నిబంధన ప్రకారం, ఏరివేత అనంతరం మిగిలిన ఫైళ్లే ముఖ్యమైన ఫైళ్లు. కాబట్టి ముఖ్యమైనదేదీ పోలేదని తేలింది. లిఫ్టు జాగ్రత్తలను శాశ్వత రికార్డులలో చేర్చారు. గడువుకు నాలుగు రోజుల ముందే ఏరివేత ముగించినందుకు గుమాస్తాకు ప్రశంసాపత్రం ఇచ్చారు. దరఖాస్తులు దొరకని టీచర్లకు కొత్తగా దరఖాస్తు పెట్టుకునే సదుపాయం కల్పించారు. వరస కొత్త తేదీ నుంచి మొదలవుతుంది.

శనివారం భార్య వచ్చాక ఆయన ఏదీ దాచకుండా చెప్పాడు. అంతా నవ్వుతాలుగా చెబుదామనుకున్నాడు గానీ నివేదిక చదివినట్టు వచ్చింది. ఆమె చివరిదాకా విని ఒకటే అడిగింది.

"నా దరఖాస్తుకు టిక్కు పెట్టారా?"

"అన్నిటికన్నా ముందు నీదానికే పెట్టాను."

"పదకొండేళ్లలో మీరు నన్ను ముందు పెట్టింది ఇదొక్కసారేనండీ," అందామె. కోపంగా అనలేదు. ఆయనకు కోపమే నయమనిపించింది.

సోమవారం ఆమె సెలవు పెట్టి, అందరితో పాటు వరసలో నిలబడి, కొత్త దరఖాస్తు ఆయన బల్ల మీద పెట్టింది. ఆయన నియమం ప్రకారం గడి గడీ చూశాడు. పేరు ఉంది, బడి ఉంది, సంతకం ఉంది. 'బదిలీ కోరుటకు కారణం' అన్నచోట, పదకొండేళ్ల కిందట 'భర్త వద్ద ఉండుటకు' అని రాసింది. ఇప్పుడు ఖాళీగా వదిలేసింది. ఆయన తలెత్తి చూస్తే, ఆమె బస్సు వేళ చూసుకుంటోంది.

అసంపూర్తి దరఖాస్తును దరఖాస్తుదారుకు తిప్పి ఇచ్చి, కారణం అడగవలసిన బాధ్యత రికార్డుల గుమాస్తాది. ఆయన అడగలేదు. 'అన్ని గడులూ పరిశీలించడమైనది, సరిగా ఉన్నవి' అన్న ముద్ర వేసి, సంతకం చేశాడు.