ఏడు పాయింట్ రెండు ప్రారంభోత్సవం

సికింద్రాబాద్ చరిత్రలో సువర్ణాక్షరాలతో లిఖించదగిన ఘట్టాన్ని కళ్లారా చూసే భాగ్యం నాకు దక్కింది. మొన్న మంగళవారం ఉదయం పదకొండు గంటల నలభై నిమిషాల శుభముహూర్తాన, కార్ఖానాలోని పట్టణ స్థలాల నమోదు కార్యాలయంలో, గౌరవ మంత్రివర్యులు వేణుమాధవ్ గారు తమ అమృత హస్తాలతో ఒక సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌ను ప్రారంభించారు. ఆరు పాయింట్ తొమ్మిది నుంచి ఏడు పాయింట్ రెండుకు. మధ్యలో ఉన్న అంకెలన్నిటినీ మంత్రిగారు ఒక్క దూకులో దాటేశారని గేటు ముందు ఫ్లెక్సీ కట్టారు. దూకుతున్నట్టు ఫొటో కూడా వేశారు.

నేను ఆ గేటు పక్కనే బల్ల వేసుకుని అర్జీలు రాసిపెట్టేవాణ్ని. రోజూ ఏ.ఎస్. రావు నగర్ నుంచి బస్సులో వస్తాను. పంతొమ్మిదేళ్లుగా ఈ ఆఫీసు గొప్పతనాన్ని బయట నుంచే చూస్తున్నాను. మంగళవారం సభకు జనం చాలలేదని నన్ను లోపలికి పిలిచి మూడో వరుసలో కూర్చోబెట్టారు. చప్పట్లు ఎప్పుడు కొట్టాలో డైరెక్టర్ వెంకటేశ్వర్లు గారు చేతిరుమాలు ఊపి చెబుతారని ముందే తెలియజేశారు.

ఈ సాఫ్ట్‌వేర్ పని ఏమిటో తెలియని పాఠకుల కోసం చెబుతాను. నగరంలో ప్రతి స్థలానికీ కంప్యూటర్ పట్టికలో ఒక వరుస ఉంటుంది. వరుసలో గడులు ఉంటాయి. యజమాని పేరు, ఇంటి నంబరు, స్థలం రకం. ఏ గడిలోనైనా తప్పు పడితే దాన్ని తీసేసి ఒప్పు రాయడానికే ఈ సాఫ్ట్‌వేర్. పాతదానికి వయసు మీద పడింది. అడిగితే చూపిస్తుంది గానీ, ఏదైనా మార్చి సేవ్ నొక్కితే బిగుసుకుపోతుంది.

బోయిగూడ శ్యామలమ్మ గడిలో తప్పు పడింది. చీరలకు ఫాల్స్ కుట్టుకుని బతికే మనిషి. గల్లీ చివర పల్లంలో రెండు గదుల సొంత ఇల్లు, నలభై ఏళ్ల నుంచి అక్కడే. స్థలాల సర్వేకు మన సిబ్బంది జోరువానలో బయలుదేరారు. ఆ రోజు ఆమె ఇంటి ముందు మోకాలి లోతు నీళ్లు. వాళ్లు ఆటో దిగకుండానే తల బయటపెట్టి చూసి, నీళ్లు పారుతున్నాయి కనుక స్థలం రకం అనే గడిలో ‘నాలా’, అంటే వాననీటి కాలువ, అని ఎక్కించేశారు. ఇంతటి సునిశిత పరిశీలన ఆటోలోంచి చేయడం మామూలు విషయం కాదు.

నాలా మీద ఇల్లు ఉండకూడదు. కాబట్టి శుక్రవారం ఉదయం కూల్చేస్తామని నోటీసు వచ్చింది. దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని ఆమె నాలుగుసార్లు నా దగ్గరికి వచ్చింది, నాలుగు అర్జీలు రాశాను. నాలుగింటికీ ఒకటే జవాబు: మీ తప్పును మేము ఒప్పుకుంటున్నాము, అప్‌డేట్ వచ్చాక సరిచేస్తాము. తప్పు ఆమెది ఎప్పుడైందో జవాబులో లేదు.

నిజానికి ఆ అప్‌డేట్ ఆదివారం మధ్యాహ్నమే ఎవరినీ అడక్కుండా తనంతట తాను వచ్చి కంప్యూటర్లో కూర్చుంది. సోమవారం పొద్దున యోగిత చూసింది. యోగిత కాంట్రాక్టు మీద పనిచేసే ఇంజనీరు, ఆ ఆఫీసులో కంప్యూటర్ తెలిసిన ఏకైక మనిషి. వెంటనే డైరెక్టర్ గారికి శుభవార్త చెప్పడానికి పరుగెత్తింది. ఆ తర్వాత జరిగింది టీకొట్టు దగ్గర పళ్లు నూరుతూ తనే నాకు చెప్పింది.

“ఎవర్ని అడిగి వచ్చిందమ్మా అది?” అన్నారు వెంకటేశ్వర్లు గారు.

“ఆటోమేటిక్ సార్.”

“మంత్రిగారు ప్రారంభించకుండా ఎలా పనిచేస్తుంది?”

“చేస్తోంది సార్. బోయిగూడ ఆవిడ కేసు ఇప్పుడే సరిచేసేయనా? అర నిమిషం పని.”

“తీసెయ్యమ్మా.”

“తప్పునా సార్?”

“అప్‌డేట్‌ని. రేపు ముహూర్తం పెట్టించాం. ఫ్లెక్సీలకి ఆర్డరిచ్చాం. నీ తొందర కోసం మంత్రిగారిని ఖాళీ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టమంటావా?”

యోగిత దాన్ని తీసేసింది. వచ్చినదాన్ని పంపించి, మళ్లీ రప్పించి, దండ వేసి ఆహ్వానించడం మన సంస్కృతిలోనే ఉంది.

మంగళవారం మానిటర్‌కు బంతిపూల దండ వేశారు. తెర కనిపించకపోయినా భక్తి కనిపించింది. యూపీఎస్ మీద కొబ్బరికాయ కొట్టబోతుంటే యోగిత రెండు చేతులూ అడ్డం పెట్టింది. నాస్తికురాలని ఇద్దరు ముగ్గురు గొణిగారు. మంత్రిగారు రిబ్బన్ కత్తిరించి, దండ పక్కకు జరిపి, మౌస్ పట్టుకున్నారు. చేతిరుమాలు ఊగింది, మేము చప్పట్లు కొట్టాము. తెర మీద ఏదో ప్రత్యక్షమైంది.

“ఏందమ్మా గిది? ఏమంటుంది?” అని మంత్రిగారు యోగితను అడిగారు.

“కంపెనీ షరతులు సార్. అంగీకరిస్తున్నాను అని నొక్కాలి.”

“షరతులా? నాకా? ఎవడు పెట్టిండు?”

“అందరికీ ఉంటాయి సార్. ఊరికే నొక్కేయడమే.”

“నేను ప్రజలు ఎన్నుకున్న మంత్రిని. హైకమాండ్ షరతులు తప్ప ఇంకెవడి షరతులు ఒప్పుకోను!” అని మంత్రిగారు సింహంలా గర్జించి ‘అంగీకరించను’ అన్న బటన్ నొక్కారు. అప్‌డేట్ మూసుకుపోయింది. చేతిరుమాలు ఊగలేదు గానీ ఆవేశం ఆపుకోలేక మేమే చప్పట్లు కొట్టేశాము. విదేశీ కంపెనీకి తలవంచని మంత్రి అని మర్నాడు పేపర్లో వచ్చింది. ఆ చప్పట్ల మధ్యే మంత్రిగారు ఫొటోగ్రాఫర్ వైపు తిరిగి నిలబడిన సమయంలో యోగిత ఆయన వెనక నుంచి చేయి చాపి, అప్‌డేట్‌ను మళ్లీ తెరిచి, షరతులన్నీ ఒప్పేసుకుంది.

ఆపైన లబ్ధిదారుల సన్మానం. లబ్ధి ఇంకా జరగలేదు కనుక లబ్ధిదారులు దొరకలేదు. గేటు దగ్గర నోటీసు పట్టుకుని నిలబడ్డ శ్యామలమ్మను తీసుకొచ్చి వేదిక ఎక్కించారు. మంత్రిగారు శాలువా కప్పారు.

“ఈ అమ్మ ఇల్లు పట్టికల నాలా అని పడ్డది. మా ప్రభుత్వం ఒక్క క్లిక్కుతోని ఇల్లు అని రాసింది! ఇంతకుముందు ఏ ప్రభుత్వమన్న రాసిందా?” అన్నారు.

“రాసిండ్రా సారూ? అయిపోయిందా?” అని శ్యామలమ్మ ఆయన రెండు చేతులూ పట్టుకుంది. ముసలామె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఫొటోగ్రాఫర్ ఆ క్షణం వదలలేదు.

“అయిపోయినట్టే అమ్మా. నువ్వు మంచిగ నవ్వు,” అన్నారు మంత్రిగారు.

మంత్రిగారి కారు వెళ్లాక యోగిత దండ తీసి చూసింది. కంప్యూటర్ వినయంగా అడుగుతోంది: ఇప్పుడు రీస్టార్ట్ చేయాలా, తర్వాతనా? యోగిత నొక్కబోయింది. డైరెక్టర్ గారు ఆమె చేయి పట్టుకున్నంత పని చేశారు.

“ముప్పై రెండేళ్ల సర్వీసులో ‘ఇప్పుడు’ అనేది ఎప్పుడూ నొక్కలేదమ్మా నేను. ఈ స్థాయికి ఊరికే వచ్చామనుకున్నావా?” అన్నారు.

‘తర్వాత’ నొక్కారు. ఆ తర్వాత అన్నది బుధవారం సాయంత్రం వచ్చింది, అదీ కరెంటు పోయి కంప్యూటర్ తనే ఆరిపోయి వెలగడం వల్ల. ఇది ఎవరి నిర్ణయమూ కాదు కనుక ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

ఇక మిగిలింది ఒకటే. పట్టికను మార్చే అధికారం ఎవరెవరికి ఇవ్వాలో కొత్త సాఫ్ట్‌వేర్‌లో పేర్లు ఎక్కించాలి. గురువారం పదిన్నరకు మీటింగు. నన్ను మినిట్స్ రాయడానికి కూర్చోబెట్టారు, ఎందుకంటే ఆఫీసులో చేతిరాత ఉన్నవాళ్లు రిటైరైపోయారు. శ్యామలమ్మ తలుపు దగ్గర నేల మీద కూర్చుంది. భుజాన అదే శాలువా.

ఆ అధికారం కోసం పదకొండు మంది ఆఫీసర్లు పడ్డ పోటీ చూసి తీరాలి. సీనియారిటీ లిస్టులు తెచ్చారు. సూపరింటెండెంట్ స్వర్ణలత గారు తనకన్నా రెండు నెలలు జూనియర్‌కు ఇచ్చి తనకు ఇవ్వకపోతే కోర్టుకు పోతానన్నారు. సెక్షన్ ఆఫీసర్ రాఘవేందర్ బల్ల గుద్దారు. “నేను లేకపోతే ఈ పట్టిక ఎవరు సూస్తరు? గడి గడి నాకెరుక! ఫస్ట్ నా పేరు రాయున్రి!” అని అరిచారు. డైరెక్టర్ గారు పెద్దమనసుతో పదకొండు మందికీ ఇచ్చేశారు. పన్నెండోది తనకు. యోగితకు మాత్రం తీసేయించారు, కాంట్రాక్టు మనిషి చేతిలో అంత అధికారం ప్రమాదమని.

యోగిత పన్నెండు పేర్లూ ఎక్కించి, సమోసాలు పంచుతుండగా ఒక మాట అంది.

“ఇందులో కొత్తగా ఇంకో గడి ఉంది సార్. ఎవరు మార్చారో, ఏ టైముకు మార్చారో, ముందేముందో పేరుతో సహా పడిపోతుంది. చెరపడానికి వీల్లేదు.”

సమోసాలు నమలడం ఆగిపోయింది.

“పేరంటే... ఆఫీసు పేరా?” అని స్వర్ణలత గారు అడిగారు.

“కాదు మేడమ్. మీ పేరే.”

“రేపెప్పుడన్న ఎంక్వైరీ అయితే?” అన్నారు రాఘవేందర్.

“ఒక్క క్లిక్కుతో తెలిసిపోతుంది సార్.”

ముందుగా రాఘవేందర్ లేచారు. తనకు ఈ మధ్య చూపు సరిగా ఆనడం లేదని, గడులు కలిసిపోయి కనిపిస్తున్నాయని సెలవిచ్చారు. స్వర్ణలత గారు, పైవాళ్లు ఉండగా తాను అధికారం తీసుకోవడం మర్యాద కాదన్నారు. ఒకాయనకు బీపీ. ఇంకొకాయన కూతురి పెళ్లయ్యేదాకా ఏదీ మార్చనని మొక్కుకున్నారట. పావుగంటలో పదకొండు త్యాగాలు నా చేతిమీదుగా రాశాను. ఇంతమంది మహానుభావులు ఒకే గదిలో ఉంటారని ఎన్నడూ అనుకోలేదు.

అందరి కళ్లూ డైరెక్టర్ గారి మీద పడ్డాయి.

“చూడటం కూడా గొప్ప బాధ్యతే,” అన్నారాయన గంభీరంగా. “అందరికీ చూసే అధికారం పెట్టమ్మా. నాకు కూడా.”

“మరి మార్చేదెవరు సార్?” యోగిత గొంతు పెరిగింది. “ఇది పట్టిక మార్చే సాఫ్ట్‌వేర్ సార్! మార్చేవాళ్లే లేకపోతే ఎందుకిది? రేపు పొద్దున ఆవిడ ఇల్లు పడగొడతారు! నా పేరు పెట్టండి, నేను మారుస్తాను!”

“నీకు ఆవేశం ఎక్కువ. అందుకే ముందే తీసేయించాను.”

శ్యామలమ్మ తలుపు దగ్గర నుంచి లేచి వచ్చింది.

“సారూ, గడిల ఇల్లు అని రాయనీకి ఇంత తక్లీఫ్ ఎందుకు? నా పేరు రాయున్రి. నేనే మార్చిన అని రాసుకోన్రి. జైలుకు సుత నేనే పోత.”

డైరెక్టర్ గారు కరిగిపోయారు. “నీ ధైర్యాన్ని మినిట్స్‌లో రాయిస్తానమ్మా,” అన్నారు. రాయించారు కూడా. నేనే రాశాను.

నాకు ఒళ్లు మండిపోయింది. కానీ ఒళ్లు మండినట్టు మినిట్స్‌లో రాయడానికి వీల్లేదు. శ్యామలమ్మ, నేను కలిసి మంత్రిగారి ఇంటికి పోయాము. గేటు దగ్గర రెండు గంటలు నిలబెట్టాక ఆయన బయటికొచ్చి ఆమెను వెంటనే గుర్తుపట్టారు, పేపర్లో పక్కన ఉన్నది కనుక.

“మొన్ననే మార్చినం గదమ్మా?” అన్నారు.

“మార్చలేదంట సారూ. రేపు బుల్డోజర్ వస్తదంట. జెర ఫోన్ చెయ్యున్రి.”

మంత్రిగారి ముఖం చిన్నబోయింది. “మార్చలేదని నువ్వు బయట గిట్ల చెప్తే ఎట్ల? మార్చినమని నేను స్టేజీ మీద చెప్పిన. ఇప్పుడు మార్చమని ఫోన్ చేస్తే, మార్చలేదని నేనే ఒప్పుకున్నట్టయితది. నా ఇజ్జత్ ఏం గావాలె?” అన్నారు. ఆయన పరువు రెండు గదుల్లో పట్టేది కాదని నాకప్పుడు అర్థమైంది.

శుక్రవారం ఏడు గంటలకు బుల్డోజర్ బోయిగూడ గల్లీలోకి వచ్చింది. చెప్పిన టైముకు ఈ ఆఫీసు నుంచి ఏదైనా రావడం పంతొమ్మిదేళ్లలో అదే మొదటిసారి. శ్యామలమ్మ పేపర్ ఫొటో చూపించింది. వెంట వచ్చిన ఆఫీసరు రాఘవేందరే. ఆయన చేతిలోని ట్యాబ్ తెరిచి చూపించారు.

“సూడమ్మా. నాలా అనే ఉన్నది.”

“మీరే మార్చున్రి సారూ, మీ కాల్మొక్కుత!”

“నాకు చూసే అధికారమే ఉన్నదమ్మా,” అన్నారు. పాపం, చూశారు. గోడలు పడుతున్నంతసేపూ కళ్లార్పకుండా చూశారు. కుట్టుమిషన్‌ను, ఒక బీరువాను పక్కింటివాళ్లు, నేను కలిసి బయటికి లాగాము. మధ్యలో వాన మొదలైతే పని ఆపేసి వెళ్లిపోయారు.

సోమవారం ఆఫీసులో అభినందన సభ జరిగింది. కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చాక తొలి క్షేత్ర తనిఖీ చేయగా, పట్టికలో ఉన్నదానికీ నేల మీద ఉన్నదానికీ ఒక్క తేడా కూడా లేదని తేలిందట. బోయిగూడ స్థలం ఫొటో తెర మీద వేశారు. అందులో నీళ్లు పారుతున్నాయి. ఒక్క గడి కూడా మార్చకుండా నూరు శాతం తప్పులు సరిచేసిన ఘనత దేశంలో మరెవరికీ లేదని మంత్రిగారు అన్నారు. వెంకటేశ్వర్లు గారికి జ్ఞాపిక ఇచ్చారు. యోగిత రాజీనామా ఇచ్చింది గానీ, దాన్ని ఆమోదించినట్టు ఎవరి పేరు పడాలో తేలక అది పెండింగులో ఉంది.

సాయంత్రం బోయిగూడ పోయాను. శ్యామలమ్మ మిగిలిన వంటగది గోడకు టార్పాలిన్ కట్టి, దాని కింద కుట్టుమిషన్ పెట్టుకుని కూర్చుంది. ఎవరిదో చీరకు ఫాల్ కుడుతోంది. నన్ను చూసి ఫోన్ అందించింది.

“ఏందో మెసేజ్ వచ్చింది తమ్మీ. సదువు.”

చదివాను. “శ్యామలమ్మ గారికి నమస్కారం. మీ ఫిర్యాదు పరిష్కరించబడినది. క్షేత్రస్థాయిలో పరిశీలించగా పట్టికలో ఉన్న వివరం సరైనదేనని నిర్ధారణ అయినది. మా సేవ మీకు ఎంత నచ్చిందో ఒకటి నుంచి ఐదు వరకు నక్షత్రాలలో తెలుపగలరు.”

“ఒకటి కొడతానక్కా. సున్నా ఉంటే సున్నాయే కొట్టేవాణ్ని,” అన్నాను.

ఆమె మిషన్ ఆపి గోడ వైపు చూసింది.

“వద్దు తమ్మీ, ఐదు కొట్టు. లేకుంటే మళ్లొస్తరు. ఈ గోడొకటి మిగిలింది.”